పది రూపాయల కోలా వెనుక 1993

రిలయన్స్ చేతికి వచ్చిన కాంపా కోలా పది రూపాయల సీసాతో కిరాణా కొట్లలోకి దిగడం, పాత కంపెనీలూ అదే ధరకు చిన్న సీసాలు దించడంతో కోలాల పోరు మళ్లీ వార్తలకెక్కింది. 1977లో కోకాకోలా దేశం విడిచిన కథ అందరికీ తెలిసిందే. నేటి తగాదా మూలాలు మాత్రం 1993లో ఉన్నాయి.

ఆ ఏడాది కోకాకోలా తిరిగి వస్తూనే పార్లే నుంచి థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజాలను కొనేసింది. 1990లో వచ్చిన పెప్సీని తట్టుకుని నిలబడిన పార్లే అధిపతి రమేశ్ చౌహాన్ అంతలోనే ఎందుకు అమ్ముకున్నారు? జవాబు రుచిలో లేదు, సీసాల్లో ఉంది. పార్లే పంపేది ప్రధానంగా కాన్సన్‌ట్రేట్, అంటే పానీయపు చిక్కటి సారం. దాన్ని నీటితో, చక్కెరతో, గ్యాస్‌తో కలిపి సీసాల్లో నింపడం, కొట్టుకొట్టుకూ చేర్చడం, ఖాళీ సీసాలను వెనక్కి తేవడం చాలాచోట్ల ఫ్రాంఛైజీ బాట్లర్ల పని. వారు కొత్తగా వచ్చిన పెద్ద కంపెనీ వైపు మొగ్గితే చౌహాన్‌కు మిగిలేది పేరొక్కటే. వేగంగా విస్తరించాలంటే సిద్ధంగా ఉన్న వ్యవస్థ అవసరమన్నది కోకాకోలా వైపు వాదన. అయితే ఆ తర్వాత గోల్డ్ స్పాట్ కనుమరుగైంది, థమ్స్ అప్ కొన్నేళ్లు వెనకబెంచీకి పోయింది. పెప్సీని ఎదుర్కోవడానికి ఆ ఘాటు కోలాయే అక్కరకొచ్చాక దానికి మళ్లీ ఆదరణ దక్కింది. తెలుగునాట చిరంజీవి, తర్వాత మహేశ్‌బాబు దాని ప్రకటనల్లో కనిపించారు.

కాంపాదీ బాట్లర్ల కథే. దాన్ని తెచ్చిన ప్యూర్ డ్రింక్స్ 1977 దాకా కోకాకోలాకే సీసాలు నింపిన సంస్థ. అసలు కంపెనీ వెళ్లిపోయినా ప్లాంట్లు, సరఫరా మార్గాలు చేతిలో ఉండబట్టే సొంత కోలా నిలబెట్టగలిగింది. విదేశీ కంపెనీలు తిరిగొచ్చాక వాటి పెట్టుబడి ముందు నిలవలేకపోయింది. 2022లో రిలయన్స్ కొన్నది చాలావరకు ఆ పేరునే. సొంత దుకాణాలు ఎన్ని ఉన్నా, ఊరి కొట్టుకు చేరాలంటే బాట్లర్లను కూడగట్టాలి, దుకాణదారుకు మార్జిన్ పెంచాలి, ప్రత్యర్థులు ఇచ్చిన కూలర్లున్న చోట తన సీసాకు జాగా వెతుక్కోవాలి. ధర తగ్గింపు కన్నా ఇదే కష్టమైన పని.

ఇక కోకాకోలా తన భారత బాట్లింగ్ సంస్థ మాతృ కంపెనీలో 40 శాతం వాటాను జుబిలెంట్ భార్తియా గ్రూపుకు అమ్ముతున్నట్లు 2024 డిసెంబరులో ప్రకటించింది.