ఏ క్లాసులో దింపుతావు? ఆటోక్రాస్ హ్యాచ్‌బ్యాక్‌ల మీద అపోహలు - వాస్తవాలు

తణుకు దగ్గర నాకు అలైన్‌మెంట్, సస్పెన్షన్ షెడ్డు ఉంది. వారమంతా ధాన్యం లారీలు, చెరువుల దగ్గర తిరిగే బొలేరోలు వస్తాయి. ఆదివారం మాత్రం కుర్రాళ్ళ బళ్ళే. స్విఫ్ట్, పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, ఈమధ్య ఆల్ట్రోజ్ రేసర్. "అన్నా, ఆటోక్రాస్‌కి వెళ్దామనుకుంటున్నా, ఏమేం మార్చాలి?" అని అడుగుతారు. "ఏ క్లాసులో, అంటే పోటీలో ఏ విభాగంలో, దింపుతావు తమ్ముడూ?" అంటాను. సగం మందికి ఆ ఆలోచనే ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఆటోక్రాస్ అంటే ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి, ఒక్కో బండినీ విడిగా వదిలి టైం చూస్తారు. రన్ అంతా నిమిషం అటూ ఇటూ, చాలావరకు సెకండ్ గేర్‌లోనే.

అపోహ: ముందు బండిని ఫాస్ట్‌గా చేద్దాం, క్లాసు సంగతి అక్కడికెళ్ళాక చూసుకోవచ్చు.

మన ఎడ్ల పందేలు గుర్తు తెచ్చుకోండి. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, ఆపైన సీనియర్లు. గిత్త ఎంత బలిసినా ముందు నోరు తెరిపించి పళ్ళు చూస్తారు. ఆటోక్రాస్‌లో స్క్రూటినీ కూడా అంతే. బండిలో ఏం మారిందో చూసి విభాగం తేలుస్తారు.

రూల్స్ ఎంత లోతుగా ఉంటాయో అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) వాళ్ళ స్ట్రీట్ క్లాసులు చూస్తే అర్థమవుతుంది. షాకబ్జార్లు మార్చుకోవచ్చు, స్ప్రింగులు మార్చకూడదు. మలుపులో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ ముందుదో వెనకదో ఒక్కటే మార్చాలి. రిమ్ వెడల్పు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. టైరు ఎంత నిదానంగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ అంకె 200కి తగ్గకూడదు. అక్కడి రూల్స్ ఇక్కడ చెల్లవు. మన దగ్గర మోటార్ స్పోర్ట్స్ చూసే సంస్థ ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ గుర్తింపుతో జరిగే ప్రతి ఈవెంట్‌కీ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అని ఒక పత్రం ఇస్తారు. అది ప్రింటు తీసి తెచ్చాకే నేను బండి లిఫ్ట్ ఎక్కిస్తున్నాను.

ఈ పద్ధతి నాకు ఒక దెబ్బ తిన్నాకే వచ్చింది. భీమవరం కుర్రాడొకడు పోలో జీటీ తెచ్చాడు. సస్పెన్షన్ నేను చేశాను, ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) వేరేచోట చేయించుకుంటానంటే సరేనన్నాను. స్క్రూటినీలో ఆ ఒక్క రీమ్యాప్‌కే కంపెనీ బళ్ళ స్టాక్ క్లాసు నుంచి తీసి, మార్పులు చేసిన బళ్ళ ఓపెన్ క్లాసులో వేశారు. అక్కడ వాడి పక్కన నిలబడినవన్నీ లోపల సీట్లు పీకి, రోల్ కేజ్ వేసిన బళ్ళు. ఆ రోజు వాడు తీసిన టైం స్టాక్ క్లాసులో అయితే పోడియం మీదకి వచ్చేది. రూల్స్ చూశావా అని నేను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అపోహ: పవర్ పెరిగితే టైం తగ్గుతుంది.

ఈ బళ్ళన్నిటికీ ముందు చక్రాలే లాగాలి, అవే తిరగాలి, బ్రేకు వేస్తే బరువంతా వాటి మీదే పడుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ తొక్కితే లోపలి వైపు ముందు చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది. పెంచిన పవరంతా ఆ పొగలోనే పోతుంది. దానికి అసలు మందు వెనకాల ఉంది. వెనక స్టెబిలైజర్ బార్ గట్టిదైతే లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, లోపలి ముందు చక్రం నేలను పట్టుకుంటుంది. మూడు చక్రాల మీద మలుపు తిరిగే హ్యాచ్‌బ్యాక్ ఫొటోలు చూసి భయపడకండి, అది సరిగ్గా పనిచేస్తున్న బండి.

మన ఎండ సంగతీ ఉంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలచన. పైగా డెల్టా ఉక్క. టర్బో బండి లైన్లో ఎండకి నిలబడితే ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కాగిపోయి ఈసీయూ తనంతట తానే పవర్ తగ్గిస్తుంది. రన్‌కీ రన్‌కీ మధ్య బానెట్ ఎత్తి, బండిని నీడలో పెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు.

అపోహ: బండి ఎంత కిందకి దిగితే అంత బాగా తిరుగుతుంది.

ఇది నమ్మి స్ప్రింగులు కోయించుకొచ్చిన బళ్ళు చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. కోసిన స్ప్రింగు సీటులో సరిగ్గా కూర్చోదు, పెద్ద గుంట వస్తే పక్కకి జరుగుతుంది. అది ప్రాణాల మీదకి తెచ్చే పని.

పద్ధతిగా దించినా ఒక చిక్కుంది. స్విఫ్ట్, పోలో, ఐ20, ఆల్ట్రోజ్ అన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లే, అంటే స్ప్రింగు, షాకబ్జార్ కలిసి ఒకే కాలులా ఉంటాయి. బండి మామూలుగా నిలబడినప్పుడు కింది ఆర్మ్ చక్రం వైపు కాస్త వాలి ఉంటుంది. మరీ దించితే అది ఎదురు తిరిగి పైకి వాలుతుంది. అప్పుడు బండి బరువు కేంద్రం రెండు అంగుళాలు దిగితే, బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు అంతకంటే ఎక్కువ కిందకి పోతుంది. ఫలితంగా దించిన బండే ఎక్కువ ఒరగడానికి చూస్తుంది. షాకబ్జార్ చివర ఆపే రబ్బరుకి, అదే బంప్ స్టాప్‌కి, కొట్టుకుందంటే పట్టు ఒక్కసారిగా పోయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. మట్టి ట్రాక్ మీద పెట్టే ఈవెంట్ అయితే దించడం అసలే వద్దు. పైగా రోడ్డు మీద తిరిగే బండిని ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. సోమవారం ఆ బండిలోనే ఆఫీసుకి వెళ్ళాలి కదా.

అపోహ: అలైన్‌మెంట్ గ్రీన్‌లో ఉంటే చాలు.

మెషీన్ స్క్రీన్ మీద కనిపించే ఆ పచ్చరంగు టైరు ఎక్కువ కాలం రావడానికి పెట్టింది. కంపెనీ ఇచ్చిన పరిధిలోనే మనకి కొంత చోటు ఉంటుంది. స్విఫ్ట్, ఐ20లలో స్ట్రట్‌ని నకల్‌కి (చక్రాన్ని మోసే ముక్క) రెండు బోల్టులు పట్టుకుంటాయి. వాటిని వదులు చేసి, చక్రం పైభాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని బిగిస్తే, ఆ రంధ్రాల్లో ఉన్న కొద్దిపాటి వదులులోనే నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) కొంచెం దొరుకుతుంది. కొత్త పార్టు ఒక్కటీ వేయక్కర్లేదు. పోలోలో స్ట్రట్‌ని క్లాంపు పట్టుకుంటుంది కాబట్టి దానికి ఇది కుదరదు. క్యాంబర్ కదిలితే టో (పైనుంచి చూస్తే చక్రాల ముక్కు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా కదులుతుంది, మళ్ళీ సెట్ చేయాలి. నేను ముందు చక్రాలకి టో సున్నా దగ్గర పెడతాను.

సముద్రం వైపు, నరసాపురం, అంతర్వేది నుంచి వచ్చే బళ్ళకి ఈ బోల్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటాయి. ఈవెంట్ ముందురోజు రాత్రి తెస్తే ఊడిరావు. వారం ముందే తీసుకురండి.

అపోహ: గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది.

ఇసుకలో నిజమే. తారు మీద, సిమెంటు మీద మామూలు రోడ్డు టైరు అయితే గాలి తక్కువైనకొద్దీ మలుపులో మడతపడి పక్క గోడ మీద నడుస్తుంది. దీనికి ఒక సుద్దముక్క చాలు. టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు చాలావాటికి ఉంటుంది. ట్రెడ్ అంచు నుంచి పక్క గోడ దాకా, ఆ గుర్తు మీదుగా సుద్దతో అడ్డంగా గీత గీయండి. రన్ అయ్యాక వంగి చూడండి. త్రికోణం దాకా చెరిగితే సరిపోయింది. దాటి పక్క గోడ మీద కూడా చెరిగితే గాలి చాలలేదు. అక్కడిదాకా రాకపోతే ఎక్కువైంది, ఒక్కో పీఎస్‌ఐ తగ్గించుకుంటూ రండి.

వేడి కూడా లెక్కలోకి తీసుకోండి. సుమారు ప్రతి 5, 6 డిగ్రీలకీ ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. పొద్దున 26 డిగ్రీల్లో 34 కొట్టిస్తే, మధ్యాహ్నం టైరు 50 డిగ్రీలకి కాగేసరికి 38 దగ్గర ఉంటుంది. పొద్దున బాగా తిరిగిన బండి మధ్యాహ్నం జారుతోందని డ్రైవర్ని తిట్టకండి, గేజి తీయండి. తారు మీద నేను మొదలుపెట్టేది వేడిగా ఉన్నప్పుడు ముందు 36, వెనక 40. వెనక ఎక్కువ ఉంటే తోక తేలిగ్గా తిరుగుతుంది. టైరు మీద రాసిన గరిష్ఠ అంకె మాత్రం దాటకూడదు.

అపోహ: రేసు బ్రేకు ప్యాడ్లు తప్పనిసరి.

వద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి, నిమిషం రన్‌లో అంత వేడి రాదు. ఆ డబ్బుతో బ్రేక్ ఆయిల్ మార్పించండి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన ప్రాంతంలో తేమకి కొదవ లేదు.

అపోహ: ట్యాంకులో పెట్రోలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

10 లీటర్లు తగ్గిస్తే పోయేది ఏడున్నర కేజీలు. రిజర్వ్‌లో ఉన్న బండి పొడవాటి మలుపులో పెట్రోలు అందక దగ్గుతుంది. పావు ట్యాంకు ఉంచండి. స్టెప్నీ, జాకీ, సీటు కింద నీళ్ళ బాటిల్ తీసేయండి. బాటిల్ బ్రేకు పెడల్ కిందకి దొర్లితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అపోహ: కాలవగట్టు మీద ప్రాక్టీస్ చేస్తే చేయి తిరుగుతుంది.

ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. గట్టు రోడ్డు మీద తప్పుకోవడానికి చోటుండదు. ఒక పక్క కాలవ, ఒక పక్క చేను, మధ్యలో సైకిలు మీద పాలవాడు. ఆటోక్రాస్‌లో తప్పు చేస్తే పడేది కోను. ఇక్కడ తప్పు చేస్తే నీళ్ళలో పడతారు, లేదా ఇంకొకరి ఇంట్లో దీపం ఆరిపోతుంది.

సీజన్ లేనప్పుడు ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్ళాలు రైసు మిల్లుల్లో ఖాళీగా ఉంటాయి. యజమానిని అడిగి, గేటు వేయించి, అడుగుకో అడుగు నడుస్తూ గుంటలు, మేకులు చూసుకోండి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు ఆరు, పదిహేను మీటర్లకి ఒకటి చొప్పున వరసగా పెట్టండి, గోడకి దూరంగా. హెల్మెట్ పెట్టుకుని, ఒక్కసారికి ఒక్క బండే కదలాలి. ఒకరు టైం చూస్తుంటే ఇంకొకరు సుద్దముక్క, గేజి పట్టుకుని నిలబడాలి. ప్రతి రన్‌కీ నాలుగు టైర్ల గాలి నోటుబుక్‌లో రాసుకుని, ఆ బుక్ నాకు తెచ్చి చూపించండి. ఏం మార్చాలో అప్పుడు చెబుతాను.