క్యాంపస్ భవనాలు, పార్కింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: బళ్లు పట్టడం లేదంటే ఇంకో స్థలం చదును చేయాల్సిందే.

ముందు లెక్క తీయండి. పరీక్షలు, సెలవులు లేని మామూలు వారంలో రెండు మూడు రోజులు, ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకోసారి, ఏ స్థలంలో ఎన్ని బళ్లున్నాయో రాసుకోవాలి. కార్లు, బైకులు, సైకిళ్లు వేరువేరుగా. నంబరు ప్లేటులో చివరి నాలుగంకెలు కూడా రాస్తే, ఏ బండి పొద్దుటి నుంచి కదల్లేదో తెలిసిపోతుంది. నూటికి 85-90 నిండితే ఆ స్థలం నిండినట్టే లెక్క. ఆ తర్వాత వచ్చేవాళ్లు ఖాళీ కోసం చక్కర్లు కొడుతూనే ఉంటారు. గేటు దగ్గర ఇలా కిక్కిరిసి, వెనకవైపు సగం ఖాళీగా ఉంటే కావాల్సింది కొత్త స్థలం కాదు. అక్కడి నుంచి తరగతుల దాకా నీడ, రాత్రి లైట్లు ఉన్న నడకదారి వేయండి, గేటు దగ్గరే కనపడేలా బోర్డు పెట్టండి.

అపోహ: కారుకి 2.5 × 5 మీటర్లు చాలు, వెయ్యి చదరపు మీటర్లలో 80 కార్లు పడతాయి.

35-40 పడితే గొప్ప. రెండు వరసల మధ్య 6 మీటర్ల దారి, మలుపులు, చెట్లు అన్నీ కలిపితే కారుకి 25-30 చదరపు మీటర్లు పోతుంది. రెండు వరసలు ఎదురెదురుగా రావాలంటే వెడల్పు 16 మీటర్లు ఉండాలి. 14.5 మీటర్లే ఉంటే 45 డిగ్రీల ఏటవాలు గీతలు గీసి, మధ్యలో బళ్లు ఒకే దిశలో వెళ్లే దారి పెట్టొచ్చు. కాకపోతే వరసలో ఒక్కో కారుకి 2.5 బదులు 3.5 మీటర్లు పోతుంది. కాగితం మీద రెండు రకాలూ గీసి, కార్లు లెక్కపెట్టాకే సున్నం గీతలు గీయండి.

అపోహ: పాత కట్టడం గట్టిది, మీద ఇంకో అంతస్తు వేసేయొచ్చు.

గోడల్ని చూసి ఇది చెప్పలేం. పునాది ఎన్ని అంతస్తులకి డిజైన్ చేశారో పాత డ్రాయింగుల్లో చూడాలి. అవి దొరక్కపోతే పునాది పక్కన గుంట తవ్వి కొలతలు తీసుకుని, మట్టి పరీక్ష చేయించాలి. ఒక్క రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటు మీద కొట్టి గట్టిదనం అంచనా వేసే పరికరం) రీడింగు చూసి సంబరపడొద్దు. ఏళ్లతరబడి గాలి సోకిన కాంక్రీటు పైపొర గట్టిపడుతుంది కాబట్టి రీడింగు ఎక్కువే వస్తుంది. అసలు బలం కోర్ (కాంక్రీటులోకి డ్రిల్లు చేసి తీసే గుండ్రటి ముక్క) తీసి పరీక్షిస్తేనే తేలుతుంది. అప్పుడే విరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే రసాయన ద్రావణం చల్లండి: బాగున్నచోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాని లోతు లోపలి ఇనుప కడ్డీల దాకా ఉంటే, తుప్పు నుంచి వాటికున్న రక్షణ పోయినట్టే.

అంతస్తు వేయకుండా గది వాడకం మాత్రమే మార్చినా ఇదే జాగ్రత్త. పుస్తకాల ర్యాకులు నింపిన గదికి మామూలు తరగతి గది కంటే రెట్టింపు బరువుకి డిజైన్ చేస్తారు. ఇక్కడ తొందర పనికిరాదు, ఆ శ్లాబు కింద పిల్లలు కూర్చుంటారు.

అపోహ: శ్లాబు కారితే కోటింగ్ కొడితే చాలు.

చాలా కారడాలు పిట్టగోడ మొదట్లో, వాన నీటి పైపు మూతి దగ్గర మొదలవుతాయి. 100కి 1 వాలు (100 సెంటీమీటర్ల పొడవుకి 1 సెంటీమీటరు దిగుడు) లేకపోతే నీళ్లు నిలుస్తాయి, ఏ కోటింగైనా లేచిపోతుంది. వాలు సరిచేసి, మూలలు గుండ్రంగా పూసి, ఆ తర్వాతే కోటింగ్. చివర్లో కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చూడాలి.

అపోహ: మెట్ల పక్కన చెక్క వాల్చినట్టు సిమెంటు పోస్తే ర్యాంపు.

12కి 1 కంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీలో ఉన్న మనిషి సొంతంగా ఎక్కలేరు. 450 మిల్లీమీటర్ల అరుగుకే 5.4 మీటర్ల పొడవు కావాలి. పైనా కిందా 1.5 మీటర్ల చదును, రెండు పక్కలా పట్టుకునే కడ్డీ తప్పనిసరి. అంత చోటు ఎదురుగా లేకపోతే గోడ వెంట తిప్పి కట్టండి. ర్యాంపు మొదట్లో బైకులు ఆపకుండా, చక్రాల కుర్చీ పట్టేంత సందు వదిలి, అడ్డకడ్డీలు పాతండి.