బుట్ట కింద నిలబడిన పొడుగు కుర్రాడు

చిన్నారులూ,

మొన్న సెలవుల్లో మీ బాస్కెట్‌బాల్ గ్రౌండుకు వచ్చినప్పుడు కోచ్ మిమ్మల్ని బుట్ట కిందే నిలబెట్టి కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, అలా ఆపకుండా వేయిస్తున్నారు. "బోరు తాతయ్యా" అన్నారు మీరు. దాన్ని మైకన్ డ్రిల్ అంటారు. ఆ మైకన్ ఎవరో చెబుదామనే ఈ ఉత్తరం.

జార్జ్ మైకన్ 1924లో అమెరికాలో, షికాగోకు దగ్గర్లోని జోలియెట్‌లో పుట్టాడు. ఎదిగి 6 అడుగుల 10 అంగుళాలయ్యాడు. కళ్లకు దళసరి అద్దాలు, అడుగులో తడబాటు. అంత పొడుగువాళ్లకు ఒళ్లు స్వాధీనంలో ఉండదని, ఈ ఆటకు పనికిరారని అప్పటి కోచ్‌లు చాలామంది నమ్మేవారు.

మైకన్ చదివిన డీపాల్ విశ్వవిద్యాలయానికి 1942లో కొత్తగా వచ్చిన కోచ్ రే మేయర్ మాత్రం నమ్మలేదు. మైకన్ చేత స్కిప్పింగ్ చేయించాడు, బాక్సింగ్ సంచి గుద్దించాడు, డాన్స్ కూడా నేర్పించాడు. నవ్వకండి, పాదాలు మాట వినాలంటే అదే మంచి మందు. ఇక రోజూ బుట్ట కింద రెండు చేతులతో వందల షాట్లు. మీకు బోరు కొట్టింది అదే.

ఆ తర్వాత అతన్ని ఆపడానికి నియమాలే మార్చాల్సి వచ్చింది. బుట్టలోకి దిగుతున్న బంతిని పైనుంచే తోసేస్తున్నాడని, అతన్నీ కర్లాండ్ అనే మరో పొడుగాటి ఆటగాణ్నీ చూసి, కాలేజీ ఆటలో అలా తాకకూడదన్నారు. 1951లో ఎన్‌బీఏ, అంటే అక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగు, బుట్ట ముందున్న గీతల మధ్య వెడల్పును 6 అడుగుల నుంచి 12కు పెంచింది, అతను బుట్టకు అతుక్కుపోకుండా. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ జట్టయితే బంతి అతని చేతికే చిక్కకూడదని తమ దగ్గరే పట్టుకుని కాలం గడిపింది. స్కోరెంతో తెలుసా? 19-18! 18 మైకన్ జట్టువి, అందులో 15 మైకన్‌వే. జట్లు ఇలా కాలం గడపకుండా 1954లో 24 సెకన్లలోపు షాట్ వేయాలనే గడియారం తెచ్చారు.

ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉన్న లేకర్స్ జట్టు అప్పట్లో మినియాపోలిస్‌ది. 99 నంబరు జెర్సీతో 1948 నుంచి 1954 వరకు, ఒక్క 1951 తప్ప, ప్రతి ఏడూ ఆ జట్టును విజేతగా నిలిపాడు. 1949లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ బయట బోర్డు మీద లేకర్స్ పేరే రాయలేదు, "మైకన్ వర్సెస్ నిక్స్" అని రాశారు. నిక్స్ అంటే న్యూయార్క్ జట్టు.

ఇంతా చేసి 30 ఏళ్లకే ఆట మానేశాడు. లా చదివాడు. 1967లో ఏబీఏ అనే కొత్త లీగుకు మొదటి కమిషనర్ అయ్యాడు. అక్కడి ఎరుపు, తెలుపు, నీలం బంతి అతని ఆలోచనే.

నాకు కష్టంగా అనిపించేది ఒకటుంది. తొలినాటి ఆటగాళ్లకు అప్పట్లో వచ్చే పింఛను చాలా తక్కువగా ఉండేది. షుగర్ వల్ల ఒక కాలు పోయినా, వాళ్లందరి కోసం మైకన్ అడుగుతూనే ఉన్నాడు. 2005 జూన్‌లో చనిపోయాడు. అంత్యక్రియల ఖర్చు తాను పెట్టుకుంటానని ముందుకొచ్చినవాడు షకీల్ ఓనీల్, మైకన్‌లాగే బుట్ట దగ్గర ఆడే మరో పొడుగాటి సెంటర్. ఒకరికొకరు బంధువులు కారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

డ్రిల్ చేసేటప్పుడు బంతిని భుజం కిందికి దించకండి, నేలను తాకనివ్వకండి. దసరాకు వచ్చినప్పుడు మీ ఎడమచేతి షాట్లు లెక్కపెడతాను.

మీ తాతయ్య