మందపాటి బ్రెడ్డుకి త్రైరాశికం పనికిరాదు

మా అక్క కూతురు జపాన్‌లో, యోకొహామాలో ఉద్యోగం చేస్తోంది. ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. "మావయ్యా, ఫ్రెంచ్ టోస్ట్ చేశాను. పైన బొగ్గులా మాడిపోయింది, కోస్తే మధ్యలో గుడ్డు పచ్చిగా కారుతోంది. అమ్మ దగ్గర ఎన్నిసార్లు చేసినా ఇలా అవలేదు, ఎందుకంటావు?" అంది. ఏం బ్రెడ్డు వాడావని అడిగితే, "నాలుగు ముక్కలది" అని చెప్పింది. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటి సరిగ్గా అక్కడే ఉంది.

జపాన్‌లో ఇలా దిమ్మగా కాల్చి ముక్కలు కోసే బ్రెడ్డుని షొకుపాన్ అంటారు. ఆ 'పాన్', మన పావ్ భాజీలో 'పావ్', రెండూ పోర్చుగీసు వాళ్ళ మాట నుంచి వచ్చినవే. అక్కడ బ్రెడ్డు దిమ్మని ఎన్ని ముక్కలుగా కోశారో ఆ అంకెతోనే అమ్ముతారు. దిమ్మ పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 8 ముక్కలదైతే ఒక్కోటి 1.5 సెంటీమీటర్లు, 6 ముక్కలదైతే 2, 4 ముక్కలదైతే ఏకంగా 3 సెంటీమీటర్ల మందం. మన దగ్గర కొట్లో దొరికే మామూలు సాండ్‌విచ్ బ్రెడ్డు ఇంచుమించు ఆ 8 ముక్కల దానిలాగే ఉంటుంది. ఫ్రెంచ్ టోస్ట్ అంటే గుడ్డు, పాల మిశ్రమంలో నానబెట్టి పెనం మీద కాల్చిన బ్రెడ్డే, దాన్నే బాంబే టోస్ట్ అనుకుంటూ మన ఇళ్ళలో చేసుకునే పద్ధతంతా ఆ పల్చటి ముక్కకి అలవాటుపడినదే. ఈ అమ్మాయి ఏం చేసిందంటే, మందం రెట్టింపు ఉంది కదా అని నానబెట్టడం రెట్టింపు సేపు, పెనం మీద ఉంచడం కూడా రెట్టింపు సేపు చేసింది.

తప్పు ఆమెది కాదు. బడిలో మనకి త్రైరాశికం ఎంత బాగా నూరిపోస్తారంటే, కిలోకి ఇంత అయితే రెండు కిలోలకి ఎంత, ఇద్దరు కూలీలు ఇన్ని రోజుల్లో చేస్తే నలుగురు ఎన్ని రోజుల్లో, ఇవే చేసి చేసి ప్రపంచంలో ప్రతిదీ ఇలాగే నడుస్తుందని మనసులో ముద్ర పడిపోతుంది. ఏది అలా నడవదో కూడా అదే తరగతిలో ఒక్క ఉదాహరణతో చూపిస్తే ఎంత బాగుండు! ఆ ఉదాహరణ వంటింట్లోనే ఉంది. మందం రెట్టింపైతే పట్టే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలు.

ఎందుకో చూద్దాం. డాబా మీద వాన నీళ్ళు పోవడానికి మేస్త్రీ వాటం పెడతాడు, వాటం ఎక్కువుంటే నీళ్ళు జోరుగా పోతాయి, తక్కువుంటే నింపాదిగా పోతాయి. వేడి కూడా అంతే, ఉష్ణోగ్రతల తేడా ఎంత దూరంలో పరుచుకుందన్నదే దాని వాటం. పెనం వేడి అదే, ముక్క మధ్యలో చల్లదనమూ అదే, కానీ రెండింటికీ మధ్య దూరం రెట్టింపైంది కాబట్టి వాటం సగమైపోయింది, వేడి వచ్చే జోరూ సగమైంది. ఇది ఒక దెబ్బ. రెండో దెబ్బేమిటంటే, వేడెక్కాల్సిన సరుకు రెట్టింపైంది. సగం జోరుతో వచ్చే వేడి రెట్టింపు సరుకుని వేడెక్కించాలి, అంటే రెండు రెళ్ళు నాలుగు. మందం మూడింతలైతే మూడు మూళ్ళు తొమ్మిది. వేడి ప్రవాహానికి ఈ గణితాన్ని 1822 నాటికే ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఫూరియే స్థిరపరిచాడు.

అంకెలు వేసి చూస్తే ఇంకా బాగుంటుంది. నీటిలో వేడి వ్యాపించే గుణకం సెకనుకి సుమారు 0.14 చదరపు మిల్లీమీటర్లు. ఆ ప్రమాణంలోనే 'చదరపు' అని ఉంది చూడండి, వర్గం సంగతి అదే చెప్పేస్తోంది. గుడ్డు, పాలు పీల్చుకున్న బ్రెడ్డులో ఎక్కువ భాగం నీరే కాబట్టి అదే అంకె వాడుకోవచ్చు. వేడి రెండు వైపుల నుంచీ మధ్యకి వస్తుందనుకుంటే 1.5 సెంటీమీటర్ల ముక్కలో అది నడవాల్సింది 7.5 మిల్లీమీటర్లు, వర్గం చేసి 0.14తో భాగిస్తే సుమారు 400 సెకన్లు. 3 సెంటీమీటర్ల ముక్కలో 15 మిల్లీమీటర్లు, అదే లెక్కకి సుమారు 1600 సెకన్లు. గడియారం పెట్టుకుని ఇన్ని సెకన్లకే దించమని కాదు, ఇవి అంచనా కాలాలు మాత్రమే, కానీ ఒకటికి నాలుగు అనే నిష్పత్తి మాత్రం నమ్మొచ్చు.

మరి నాలుగింతల సేపు ఉంచితే సరిపోతుందా? అదే మంట మీద ఉంచితే ఇంకా మాడుతుంది! ఎందుకంటే పై పొర ఎర్రబడటానికి ముక్క మందంతో ఏ సంబంధమూ లేదు. పైన తడి ఉన్నంతసేపు అక్కడ ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, తడి ఆరగానే ఒక్కసారిగా పైకి పోతుంది, సుమారు 140 దాటాక ప్రోటీన్లు, చక్కెరలు కలిసి ఆ బంగారు రంగునీ వాసననీ పుట్టిస్తాయి. దీన్ని 1912లో వివరించినవాడు లూయీ కమీ మయ్యార్, అందుకే మయ్యార్ చర్య అంటారు. పల్చటి ముక్కైనా దిమ్మంత ముక్కైనా ఒకే మంట మీద ఇది రెండు మూడు నిమిషాల పనే. అంటే పెనం మీద రెండు గడియారాలు నడుస్తున్నాయి, పైది రంగుది, లోపలిది గుడ్డు గట్టిపడేది. పల్చటి ముక్కలో రెండూ ఇంచుమించు ఒకేసారి మోగుతాయి, అందుకే వాళ్ళమ్మ దగ్గర ఎప్పుడూ కుదిరింది. మందపాటి ముక్కలో లోపలిది నాలుగింతలు వెనకబడుతుంది.

లోపలి సంగతీ కొంచెం చెప్పాలి. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలుపెడుతుంది, పచ్చసొన 65, 70 మధ్య గట్టిపడుతుంది. కానీ పాలు కలిపితే ప్రోటీన్లు ఒకదానికొకటి దూరమవుతాయి, పంచదార వాటి మడతలు విప్పుకోనివ్వదు, దాంతో ఈ మిశ్రమం సుమారు 80 డిగ్రీల దాకా పోతేగానీ జున్నులా నిలబడదు. ఇంకా బాగా పైకి పోతే ప్రోటీన్లు బిగుసుకుని నీళ్ళు వదిలేస్తాయి. పాలు, గుడ్డు కలిపి తింటే బొల్లి మచ్చలు వస్తాయని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. చేపలూ పాలూ గురించి కూడా ఇదే మాట అంటారు. బొల్లి, శరీరంలోని రక్షణ వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాల మీదే దాడి చేయడం వల్ల వచ్చేది, తిండి కలయికలతో దానికి సంబంధం లేదు. ఈ భయంతో పిల్లలకి కస్టర్డ్ పెట్టని ఇళ్ళు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక నానబెట్టడం. ఇక్కడ కూడా అదే వర్గం లెక్క వస్తుందని మొదటిసారి తెలిసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. బ్రెడ్డులోని సన్న రంధ్రాలు ద్రవాన్ని దీపం వత్తి నూనెని లాగినట్టు లాగుతాయి. లాగే బలం తలతన్యతది, అంటే ద్రవం పై పొరలో ఉండే బిగువుది, అది ఎప్పుడూ ఒకటే. కానీ తడి లోపలికి పోయేకొద్దీ వెనకాల ఈడ్చుకురావాల్సిన దారి పొడవవుతుంది. పొలానికి నీళ్ళు పెట్టే పైపు పొడుగయ్యేకొద్దీ చివర ధార సన్నబడదూ, అలాగే. సగం వేగం, రెట్టింపు దూరం, మళ్ళీ నాలుగే. దీన్ని 1918లో లూకస్, 1921లో వాష్‌బర్న్ విడివిడిగా రాబట్టారు. నేను గుడ్డు మిశ్రమంలో చిటికెడు పసుపు వేసి, మందపాటి ముక్కలు నాలుగు ముంచి, నిమిషానికొకటి తీసి అడ్డంగా కోసి చూశాను. మొదటి నిమిషంలో పచ్చటి పట్టీ గబగబా లోపలికి పోయింది, రెండో నిమిషంలో అందులో సగం దూరం కూడా జరగలేదు, మూడులో ఇంకా తక్కువ. నాలుగో ముక్కలో కూడా మధ్యన వేలి మందాన తెల్లగా పొడిగానే ఉంది.

ద్రవం చిక్కదనం పెరిగితే సమయం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి సొన తీగలు తీగలుగా ఉండకుండా బాగా గిలక్కొట్టి, వడకట్టి పోయాలి. హైదరాబాద్ డబుల్ కా మీఠాలో బ్రెడ్డు ముందు వేయించి తరవాత పాకంలో వేస్తారు, అక్కడ పాకం వేడిగా ఉండటం వల్ల పల్చబడి చకచకా దిగుతుంది. గుడ్డుతో ఆ వీలు లేదు, వేడి చేస్తే గట్టిపడిపోతుంది, చల్లగానే ఓపిక పట్టాలి. టోక్యోలో హోటల్ ఒకురా ఫ్రెంచ్ టోస్ట్‌కి పేరు పడింది, అక్కడ 24 గంటలు నానబెడతారు. రంధ్రాలు నిండటానికి అంతసేపు అక్కర్లేదు, కానీ ఆ తరవాత రంధ్రాల గోడలు కూడా మెల్లగా తడి తాగుతాయి. నిన్నటి బ్రెడ్డైతే మరీ మంచిది. అది గట్టిపడటం తడి ఆరిపోవడం వల్లే కాదు, గాలి చొరకుండా మూసి ఉంచినా గట్టిపడుతుందని 1852లోనే బుసాంగో అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త చూపించాడు. పిండి పదార్థం మళ్ళీ స్ఫటికాల్లా సర్దుకోవడమే కారణం. అలా బిగిసిన గోడలు తడిసినా కూలిపోవు.

మాడకుండా లోపల ఉడికించడం ఎలాగో మా అమ్మమ్మకి ఏ సమీకరణం లేకుండానే తెలుసు. దిబ్బరొట్టెకి ఇనప మూకుట్లో పిండి వేలెడు మందాన పోసి, సన్నటి సెగ పెట్టి, మూత వేసి, ఆ మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేది. సన్నటి సెగ రంగు గడియారాన్ని నెమ్మది చేస్తుంది. పైనా కిందా నిప్పులుంటే వేడి సగం దూరమే నడవాలి, అంటే పట్టేది పావు సమయమే. గ్యాస్ స్టవ్ మీద నిప్పులు కుదరకపోయినా, మూత కింద నిలిచే ఆవిరి పై నుంచి కొంత ఆ పని చేస్తుంది.

అమ్మాయికి ఇదే చెప్పాను. శనివారం రాత్రి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున సన్నటి మంట మీద, కొంచెం వెన్న వేసి, మూత పెట్టి, మధ్యలో తిప్పి, మొత్తం 18 నిమిషాలు ఉంచిందట. కోసిన ముక్క ఫొటో పంపింది, అంచు నుంచి అంచుదాకా ఒకే పసుపు, వేలితో నొక్కితే జున్నులా ఊగుతోందని రాసింది. ఆ తరవాతి వారం 6 ముక్కల బ్రెడ్డు తెచ్చుకుని, "2 సెంటీమీటర్లకి 12 నిమిషాలేనా?" అని మెసేజ్ పెట్టింది. నేను జవాబు రాసేలోపే ఇంకో మెసేజ్ వచ్చింది: "ఆగు ఆగు, 8."