వీఆర్ హెడ్‌సెట్‌లో నేరస్థలం: అపోహలు - వాస్తవాలు

నేరస్థలాలను లేజర్ స్కానర్‌తో కొలిచి త్రీడీ మోడల్ తయారుచేయడం నా పని. కళ్లకు పెట్టుకుంటే ఆ మోడల్ లోపలే నిలబడ్డట్టు చూపించేది వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్. దీని గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: హెడ్‌సెట్ పెట్టుకుంటే నేరం ఎలా జరిగిందో కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది.

వాస్తవం: కనిపించేది స్థలం, నేరం కాదు. స్కానర్ సెకనుకు లక్షల బిందువుల దూరాలు కొలుస్తుంది. రక్తపు మరక నేలకు ఎంత ఎత్తులో ఉందో కొద్ది మిల్లీమీటర్ల తేడాలో చెబుతుంది. అక్కడ నడిచే మనిషి బొమ్మా, తుపాకి పట్టిన చెయ్యీ మేం చేర్చినవే. కొలిచినదీ ఊహించినదీ ఒకే నిగనిగతో కనిపిస్తే చూసేవాళ్లు తేడా పట్టలేరు. అందుకే ఊహను నేను బూడిదరంగులోనే వదిలేస్తాను. అందంగా లేదంటారు, అననివ్వండి.

అపోహ: సాక్షి నిలబడిన చోట మనమూ నిలబడితే, అతనికి ఏం కనిపించిందో తేలిపోతుంది.

వాస్తవం: సగమే నిజం. గోడ అడ్డొచ్చిందా లేదా అన్నది చూడొచ్చు. నాజీ నేరాల దర్యాప్తు కోసం జర్మనీలోని బవేరియా పోలీసులు ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి వీఆర్ మోడల్ చేసినప్పుడు చెట్లను కూడా పెట్టింది ఇందుకే. కావలి బురుజు మీది నుంచి చూపుకు అవి అడ్డమయ్యాయా అన్నది ముఖ్యం. కానీ ముఖం గుర్తుపట్టగలిగేవాడా అని మాత్రం హెడ్‌సెట్‌ను అడగకండి. అందులో దూరాలు అసలుకన్నా తక్కువగా అనిపిస్తాయని ప్రయోగాల్లో పదే పదే తేలింది. వెలుతురు కూడా స్కాన్ చేసిన వేళది, ఘటన జరిగిన రాత్రిది కాదు. దూరం కావాలంటే పాయింట్ క్లౌడ్‌లో, అంటే స్కానర్ కొలిచిన బిందువుల సమూహంలో కొలవాలి, కంటితో అంచనా వేయకూడదు.

అపోహ: స్కానర్ కన్నుగప్పి ఏదీ పోదు.

వాస్తవం: సోఫా వెనక ఉన్నది దానికీ కనబడదు. అందుకే ఒకే గదిలో నాలుగైదు చోట్ల నిలబెడతాం. అద్దాలుంటే మరీ తలనొప్పి, అద్దం వెనక లేని గదిని కూడా ఉన్నట్టు చూపిస్తుంది. వేలిముద్రలకు పౌడరు, డీఎన్‌ఏకు స్వాబు ఎప్పటిలాగే ఉండాల్సిందే.

అపోహ: కోర్టులో మోడల్ చూపిస్తే చాలు.

వాస్తవం: స్కానర్ ముడి ఫైళ్లు, వాటి హ్యాష్ విలువలు (ఫైలు మారితే పట్టిచ్చే డిజిటల్ ముద్రలు), స్కానర్ సరిగ్గా కొలుస్తోందని చెప్పే కాలిబ్రేషన్ సర్టిఫికెట్, ఎవరు ఏం మార్చారన్న నమోదు. అవతలి న్యాయవాది మొదట అడిగేవి ఇవే.

అపోహ: ఏఆర్ (ఎదుట ఉన్న దృశ్యం మీదే డిజిటల్ గుర్తులు చూపే) కళ్లద్దాలుంటే కొత్తవాళ్లూ నిపుణులైపోతారు.

వాస్తవం: దూరంగా ఉన్న నిపుణుడు చూసి సూచనలివ్వడానికి బాగా పనికొస్తాయి. చీకట్లోనూ, గుర్తులేవీ లేని తెల్లగోడల ముందూ మాత్రం మనం పెట్టిన డిజిటల్ మార్కర్ పక్కకు జారుతుంది. అసలు నంబరు పలకలు కింద పెట్టకుండా వాటినే నమ్ముకోవద్దు. అద్దాలను చేతితో సర్దుకున్న ప్రతిసారీ గ్లోవ్స్ మార్చాలి. స్థలం మారేటప్పుడు అద్దాలను శుభ్రం చేయకపోతే, ఒక కేసు ఆనవాళ్లు ఇంకో కేసులోకి వెళ్తాయి.