పద్దెనిమిది నిండితే తర్వాతేంటి?

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి రాశి ముందు ఆ కుర్రాణ్ణి చూశాను. పదిహేడేళ్లుంటాయి. వలిచిన కాయల్ని పిలకలు పట్టుకుని చేతికి రెండేసి చొప్పున తీసి గోతంలో వేస్తున్నాడు. వంద దాకా వరసగా లెక్కపెట్టడం అతనికి రాదు. అందుకని వాళ్ల పెదనాన్న 25 చింతపిక్కలు ఇచ్చాడు. నాలుగు కాయలు వేసినప్పుడల్లా ఒక పిక్క పక్కన పెట్టాలి, పిక్కలు అయిపోతే వంద కాయలు పడ్డట్టు. నేనున్న గంటసేపట్లో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు.

పక్కనే ఉన్న తల్లి అడిగింది: "వచ్చే ఏడు పద్దెనిమిది నిండుతాయండి. భవిత సెంటర్ అయిపోతుంది. తర్వాత వీణ్ణి ఏం చెయ్యాలండి?"

భవిత సెంటర్ అంటే వైకల్యమున్న పిల్లల కోసం మండలంలో నడిపే సర్కారు కేంద్రం. కోనసీమలో, భీమవరం వైపు, నరసాపురం వైపు ఇలా బుద్ధి ఎదుగుదల తక్కువైన పిల్లలున్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే ఇది. దీనికి సిద్ధంగా జవాబు లేకపోవడానికి కారణం మన చట్టాలు వచ్చిన వరసలో ఉంది.

మొదట మన దృష్టంతా పిల్లల్ని బడికి తేవడం మీదే ఉండేది. వైకల్యమున్న పిల్లల్ని మామూలు బడుల్లో చేర్చడానికి కేంద్రం 1974లో ఒక పథకం పెట్టింది. 1984లో సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. డెల్టా నుంచి అక్కడ చూపించాలంటే పిల్లాణ్ణి తీసుకుని రాత్రంతా రైల్లో వెళ్లాల్సిందే. సర్వశిక్షా అభియాన్ వచ్చాక మండలాల్లో భవిత కేంద్రాలు తెరిచారు. అప్పటికి గానీ సాయం ఊరి దగ్గరకు రాలేదు.

ఈలోగా వికలాంగుల కోసం 1995 చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండేదాకా ఉచిత చదువు అని రాసింది అదే. ఆ చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో బుద్ధిమాంద్యం కూడా ఉంది. అయితే ఉద్యోగాల్లో ఇచ్చిన 3 శాతం రిజర్వేషన్ చూపు, వినికిడి, శారీరక వైకల్యాలకే వెళ్లింది. అంటే ఈ పిల్లలు చదువుకోవచ్చు అన్న చట్టమే, పెద్దయ్యాక వీళ్లు పని చేస్తారని అనుకోలేదు. ఇప్పటి ఇబ్బందికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. "మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు" అన్న తల్లిదండ్రుల భయాన్ని పట్టించుకున్న చట్టం అది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 18 నిండాక గార్డియన్‌ను నియమించే పని కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి అప్పగించింది. మా చుట్టాల్లో ఒకమ్మాయికి పద్దెనిమిది దాటాక ఒక బ్యాంకులో, తల్లి సంతకం ఇక చెల్లదు, గార్డియన్ పత్రం తెమ్మన్నారు. పుట్టినప్పటి నుంచి ఒంటిచేత్తో పెంచిన తల్లి కౌంటర్ దగ్గర నిలబడిపోయింది. ఇలా జరుగుతుందని బడిలో పన్నెండేళ్లలో ఎవరూ ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఆ పత్రం కోసం కలెక్టరేట్‌కు వెళ్లాలంటే కోనసీమ వాళ్లకు అప్పట్లో కాకినాడే. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చాక అమలాపురమే.

1995 చట్టం స్థానంలో వచ్చిన 2016 చట్టం చాలా సరిదిద్దింది. వైకల్యాలు 21 అయ్యాయి, ఉద్యోగాల రిజర్వేషన్ 4 శాతమైంది. అందులో 1 శాతంలో ఆటిజం, మేధో వైకల్యం (బుద్ధిమాంద్యానికి ఇప్పటి పేరు) ఉన్నవాళ్లకూ చోటు దొరికింది. వీళ్లకు మార్కెట్‌తో ముడిపడిన ప్రత్యేక నైపుణ్య శిక్షణ ఉండాలని 19వ సెక్షన్ చెప్పింది. కానీ ఉచిత చదువు మళ్లీ 18 దగ్గరే ఆగింది. బడి నుంచి పనిలోకి వెళ్లే దారిని ఏ వయసు నుంచి, ఎవరు కూర్చుని రాయాలో అందులో లేదు.

అమెరికాలో 1990లోనే దీన్ని చట్టంలో పెట్టారు. వైకల్యమున్న విద్యార్థికి 16 వచ్చేసరికి, బడి తర్వాత ఏం చేస్తాడన్నది అతని చదువు ప్రణాళికలో రాయాలి. 1997లో ఆ వయసును 14కు దించారు, 2004లో మళ్లీ 16 చేశారు. ఆ మాటలు జరిగేటప్పుడు పిల్లవాణ్ణి కూడా పిలవాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మన దగ్గర ఎంతసేపూ తల్లినే అడుగుతాం.

మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది. ఇంటికి అది నిజంగా ఆసరా. అయితే పనిలో పెడితే పింఛను పోతుందేమోనన్న టెన్షన్ కొబ్బరి రాశి దగ్గరి ఆ తల్లికి కూడా ఉంది. ఇలాంటి సందేహం తీర్చే మనిషి పదో తరగతి నాటికే ఎదురుగా ఉండాలి. కొబ్బరి, పీచు, చేపల చెరువులు, నరసాపురం లేసు అల్లికలు ఉన్న నేల ఇది. పిల్లాడికి పద్నాలుగు వచ్చేసరికి ఏ పని దగ్గర వాడి చెయ్యి కుదురుతుందో చూడటం మొదలుపెడితే, నేర్చుకోవడానికి నాలుగేళ్లు దొరుకుతాయి.

ఆ కుర్రాడు భవిత సెంటర్లో ఏళ్ల తరబడి పలక మీద ఒకటి నుంచి వంద దాకా దిద్దాడు. చింతపిక్కల సంగతి అక్కడి టీచరమ్మకు తెలియదు. తల్లి అప్పటికప్పుడు ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సోమవారం రాశి దగ్గరకే వస్తానని, వాడు ఎలా లెక్కపెడుతున్నాడో చూస్తానని అంది.