రాగి పెరిగితే వడ్డీ పెరిగే దేశం

రాగి ధర పైకి వెళ్లినప్పుడల్లా, రాగి ఎగుమతుల మీద ఆధారపడ్డ ఆఫ్రికా దేశం జాంబియాలో పాత ప్రశ్న మళ్లీ లేస్తోంది: వచ్చే డాలర్లు ఆస్పత్రులకా, అప్పులవాళ్లకా? గొడవంతా, కట్టలేకపోయిన అప్పును తిరగరాస్తూ ప్రభుత్వ బాండ్లు (అప్పు పత్రాలు) కొన్నవారితో 2024 జూన్‌లో ఖరారైన ఒప్పందం మీదే. అందులో ఇచ్చిన కొత్త బాండ్లలో ఒకదానికి వడ్డీ అర శాతం, గడువు 2053. కానీ ఎగుమతులూ పన్నుల రాబడీ అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) అంచనాను దాటినా, దేశానికి అప్పు మోసే శక్తి పెరిగిందని తేలినా వడ్డీ 7.5 శాతానికి ఎక్కుతుంది, గడువు 2035కు దగ్గరవుతుంది. ఈ పరీక్ష కాలం 2026 నుంచి 2028 చివరి వరకు.

తొలి అధ్యక్షుడు కౌండా కాలపు అప్పులు, 2005-06 మాఫీ తెలిసిన కథే. ఆ మాఫీతో దాదాపు 700 కోట్ల డాలర్ల విదేశీ రుణం 100 కోట్లలోపుకు దిగింది. దేశాన్ని మళ్లీ ఊబిలోకి దించింది మాత్రం 2012 సెప్టెంబరు. రోడ్లు, రైల్వే, విద్యుత్తు కోసమని ప్రభుత్వం తొలిసారి అంతర్జాతీయ మార్కెట్లో 75 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. వడ్డీ 5.375 శాతం. కొంటామని వచ్చిన సొమ్ము 1,100 కోట్లకు పైనే. అంత సులువుగా అప్పు పుట్టడమే ముప్పయింది. 2014లో మరో 100 కోట్లు 8.5 శాతానికి, 2015లో 125 కోట్లు దాదాపు 9 శాతానికి తెచ్చారు. ఈలోగా రాగి ధర కూలింది.

అప్పు డాలర్లలో, పన్నులు దేశ కరెన్సీ క్వాచాల్లో. 2012లో డాలరుకు, ఇప్పటి క్వాచాల లెక్కలో, సుమారు 5. 2020 చివరికి 20 దాటింది. అంటే తొలి బాండు అసలు 375 కోట్ల క్వాచాల నుంచి 1,500 కోట్లు దాటింది. పైసా కొత్తగా తీసుకోకుండానే బరువు నాలుగింతలు. 2020 నవంబరు 13న 4.25 కోట్ల డాలర్ల వడ్డీ వాయిదా కట్టలేక దేశం చేతులెత్తేసింది.

అప్పటికే ఆరు నెలల గడువు అడిగితే బాండ్లవారు ఒప్పుకోలేదు. చైనా అప్పుల లెక్క తమకు చూపలేదన్నది వారి వాదన; చివరికి 84 కోట్ల డాలర్లు వదులుకున్నామనీ అంటారు. ఆ మాట నిజమే. కానీ దాదాపు 9 శాతం వడ్డీ పుచ్చుకున్నదే ఎగవేత ముప్పుకు ప్రతిఫలంగా. ముప్పు నిజమయ్యాక నష్టంలో పాలు తగ్గించమనడం న్యాయం కాదు.

జాంబియన్ల అనుమానానికి పాత గాయమూ ఉంది. 1979లో రుమేనియా నుంచి అరువుకు తెచ్చిన ట్రాక్టర్ల బాకీని 1999లో డోనెగల్ అనే సంస్థ సుమారు 33 లక్షల డాలర్లకు కొని, 5.5 కోట్లకు లండన్ కోర్టుకెక్కింది. 2007లో కోటిన్నర డాలర్లకు పైగా రాబట్టుకుంది. మాఫీతో మిగిలిన డబ్బును బడులకు, వైద్యానికి వాడుకోవలసిన రోజులవి.

ఇతర దేశాల ప్రభుత్వాలకు చెల్లించాల్సిన 630 కోట్ల డాలర్ల ఒప్పందంలోనూ మంచి రోజులొస్తే ఎక్కువ కట్టాలన్న షరతు ఉంది, అయితే దాని వడ్డీ ఇంత ఎక్కువ కాదు. బాండ్ల ఒప్పందం కుదిరింది కరవుతో మొక్కజొన్న ఎండి, కరెంటు కోతలు పడిన ఏడాదిలోనే. రాగి పడిపోతే వాయిదా తగ్గించాలన్న నిబంధన మాత్రం అందులో లేదు.